నికెల్ అంటే ఏంది తాతా?

పోయిన ఏడాది మే నెలలో మా ఇంటికి ఒక అట్టపెట్టె వచ్చింది. టెక్సాస్‌లో ఉండే మా పెద్దమ్మాయి పంపింది. పాత పేపర్లు అమ్మేటప్పుడు బయటికి తీసే స్ప్రింగు కాటా తెచ్చి, మా ఇంటావిడ దాన్ని తగిలించి చూసింది. "పదకొండు కిలోలు ఉండాది. ఏడేళ్ళ బిడ్డకి ఇంత చదువా?" అని నా మొహం చూసింది. నేనేదో రాసి పంపమన్నట్టు.

పెట్టెలో ఉన్నది రెండో తరగతి. లెక్కల పుస్తకాలు, వాటికి వర్క్‌బుక్కులు, చదివి వినిపించాల్సిన కథలు, ఆకులూ పురుగులూ చూసి బొమ్మలు గీసే నోటుపుస్తకం, ముప్పై ఆరు వారాల పాటు ఏ రోజు ఏ పేజీ చెప్పాలో గళ్ళు గీసిపెట్టిన లావుపాటి పుస్తకం. అమెరికాలో ఇంటి దగ్గరే పిల్లలకి చదువు చెప్పుకొనే కుటుంబాలు ఇలాంటి పెట్టెలు కొనుక్కుంటాయట. టెక్సాస్‌లో అది మామూలు వ్యవహారం. 1994లో అక్కడి సుప్రీంకోర్టు ఇంటిబడిని ప్రైవేటు బడి కిందే లెక్కగట్టింది. మా పెద్దమ్మాయి స్నేహితుల్లో తెలుగువాళ్ళే ముగ్గురు నలుగురు పిల్లల్ని ఇంట్లో చదివిస్తున్నారు.

ఇక్కడ చదివించబోయేది మా చిన్నమ్మాయి. బెంగళూరు కంపెనీకి మా ఊరు వెంకటాచలం నుంచే పనిచేస్తోంది. తన కూతుర్ని, మా పాపని, ఒకటో తరగతి కాగానే బడి మాన్పించింది. పొద్దున ఏడింటికి వ్యాను, సాయంత్రం ఐదింటికి ఇల్లు, ఆ పైన రెండు గంటల హోంవర్కు. ఆదివారం మధ్యాహ్నం నుంచే పాపకి కడుపునొప్పి మొదలయ్యేది. డాక్టరు చూసి కడుపులో ఏమీ లేదన్నాడు. అది ఏ బడి అన్నది ఇక్కడ అనవసరం. అలాంటివి నెల్లూరు చుట్టూ ఎన్నో ఉన్నాయి, అన్నింటి వ్యాన్లూ మా టోల్‌గేటు దగ్గరే వరసకడతాయి.

నా సంగతి చెప్పాలి. 1987 నుంచి 2021 దాకా మండల పరిషత్ బడుల్లో సెకండరీ గ్రేడ్ టీచర్‌ని. యానాది కాలనీలకు వెళ్ళి, పిల్లల్ని పీతల వేటకి తీసుకుపోవద్దు, బడికి పంపమని తల్లిదండ్రుల్ని బతిమాలినవాణ్ణి. జూన్ నెల వస్తే అదే పని. ఇప్పుడు నా ఇంట్లోనే ఒక బడి మానేసిన పిల్ల. పైగా వాళ్ళమ్మ లాప్‌టాప్ తెరిచి, "నాన్నా, ఏ కరికులం తీసుకుందామో నువ్వే చెప్పు" అంటోంది. ఎక్సెల్‌లో ఎనిమిది నిలువు వరసలు చేసిపెట్టింది. టెక్సాస్ పెట్టె, ఎన్‌సీఈఆర్‌టీ, మన రాష్ట్రం పుస్తకాలు, మాంటిస్సోరి, వాల్డార్ఫ్, నెలనెలా డబ్బు కట్టే రెండు యాప్‌లు, ఇంకేదో. ధర, గంటలు, మంచి, చెడు అని అడ్డవరసలు. పాప పేరు మాత్రం ఆ పట్టికలో ఎక్కడా లేదు.

కోపం వచ్చింది గానీ చట్టం గురించి మొదట నేనే అడిగి తెలుసుకున్నాను. ఉచిత నిర్బంధ విద్యా హక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలందరూ బడిలో ఉండాలన్నది దాని ఉద్దేశం. ఇష్టపడి ఇంట్లో చదివించుకునేవాళ్ళకి ఆ చట్టం అడ్డు రాదని 2012లో కేంద్రం ఢిల్లీ హైకోర్టుకి అఫిడవిట్‌లో చెప్పింది. నాకు ధైర్యం ఇచ్చింది మాత్రం ఆ చట్టంలోనే ఉన్న నాలుగో సెక్షన్. బడిలో లేని పిల్ల ఎప్పుడొచ్చినా వయసుకి తగ్గ తరగతిలో చేర్చుకోవాలని అది చెబుతుంది. అంటే ఈ ఇంటిబడి కుదరకపోతే వచ్చే జూన్‌లో మా ఊరి బడి తలుపు తెరిచే ఉంటుంది. కాగితం కావాలనుకునేవాళ్ళకి సార్వత్రిక విద్య నడిపే ఎన్‌ఐఓఎస్ వాళ్ళ బేసిక్ కోర్సులు మూడు, ఐదు, ఎనిమిది తరగతులతో సమానంగా ఉన్నాయి. ఏడేళ్ళ పిల్లకి ఆ తొందర లేదు.

ఇంటి చదువు మనకి కొత్తేమీ కాదు. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో ప్రెసిడెన్సీ అంతటా బడుల లెక్క తీయించాడు. మద్రాసు పట్నంలో బడికి పోయేవాళ్ళకంటే ఇంట్లో చదువుకునేవాళ్ళు ఐదు రెట్లకు పైగా తేలారు. మన్రోకే నమ్మకం కుదరక, లెక్కలో ఏదో పొరపాటు ఉండొచ్చని రాసుకున్నాడు. పొరపాటు ఉన్నా లేకపోయినా, ఇళ్ళలో ఎవరి పిల్లలు చదివారన్నదే నాకు పట్టింపు. అయ్యవార్లని పెట్టుకోగలిగిన ఇళ్ళ మగపిల్లలు. మా యానాది కాలనీ పిల్లల ముత్తాతలు ఆ ఐదు రెట్లలో లేరు. అందుకే ఇంటిబడి గొప్పదని ఎవరైనా ఊదరగొడితే నాకు గొంతులో ముల్లు పడ్డట్టుంటుంది. ఇంట్లో చదువు చెప్పగలిగిన మనిషి ఒకరు, పగటిపూట, జీతం లేకుండా ఉండాలి. మా ఇంట్లో పింఛను తీసుకునే ముసలాయన ఉన్నాడు కాబట్టి కుదిరింది. ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బు బడిలో పేరుండి, హాజరుంటేనే వస్తుంది. ఆ డబ్బు మీదే ఏడాది ఖర్చులు చూసుకునే ఇంటికి ఈ వ్యాసం పనికిరాదు.

సరే, పెట్టె సంగతి. మొదటి వారం ఉత్సాహంగానే తెరిచాం. లెక్కల పుస్తకం మూడో రోజుకే ఆగింది. బొమ్మలో నాణేలున్నాయి. పెన్నీ, నికెల్, డైమ్, క్వార్టర్. మూడు డైమ్‌లూ రెండు నికెల్‌లూ కలిపితే ఎంత అని ప్రశ్న. "నికెల్ అంటే ఏంది తాతా?" అంది పాప. ఐదు సెంట్లమ్మా. "డైమ్?" పది. "మరి డైమ్ చిన్నగా ఉండాదే, నికెల్ పెద్దగా ఉండాదే?" నా దగ్గర జవాబు లేదు. నిజంగానే అమెరికాలో పది సెంట్ల బిళ్ళ ఐదు సెంట్ల బిళ్ళకంటే చిన్నది. అక్కడి పిల్లకి ఆ సంగతి అమ్మ పర్సులోనే తెలిసిపోతుంది. మా పాప లెక్క చేయడానికి ముందు ఒక దేశం ద్రవ్యాన్ని బట్టీ పట్టాలి.

అదే పెట్టెలో మంచు కురిసే ఊరి కథ ఒకటుంది. ఒక పిల్ల మంచులో పడుకుని చేతులు ఆడిస్తే రెక్కల బొమ్మ పడుతుంది. పాప దాన్ని మూడుసార్లు చదివించుకుంది. నెల్లూరు మే ఎండల్లో! స్థానికమైనదే చెప్పాలని వాదించే నా తోటి మాస్టర్లకి ఈ మాట చెబుతుంటాను. కథ ఎంత దూరానిదైనా పిల్ల అక్కడికి వెళ్ళి వస్తుంది. లెక్క మాత్రం చేతికి తగిలే వస్తువుతోనే మొదలవ్వాలి.

ఆ లెక్కల పుస్తకం పద్ధతి సింగపూర్‌ది. ముందు వస్తువు, తర్వాత బొమ్మ, చివరికి అంకె. 1980లలో అక్కడి ప్రభుత్వం తయారుచేయించిన పుస్తకాల నుంచి ప్రపంచమంతా పాకింది. మంచి పద్ధతి. నాణేల పేజీలు పక్కన పెట్టి, ఆ వరసే ఉంచి, వస్తువుల్ని మార్చాను. చింతగింజలు, వామనగుంటల పీట, రూపాయి బిళ్ళలు. పది గింజలు ఒక అగ్గిపెట్టెలో. పది అగ్గిపెట్టెలు ఒక స్వీటు డబ్బాలో.

ఇక్కడే తెలుగు మేలు తెలిసింది. పాప వందదాకా ఇంగ్లీషులో గడగడా చెప్పేది. పద్నాలుగు గింజలు పెట్టమంటే మాత్రం, ఫోర్టీనా ఫార్టీనా అని తడబడేది. ఇంగ్లీషులో ఫోర్టీన్ నాలుగుతో మొదలవుతుంది, పది తోకలా వెనక వస్తుంది. పద్నాలుగు అంటే పది ముందే వినపడుతుంది, నాలుగు తర్వాత. పదమూడు, పదిహేను, పదహారు, పదిహేడు, అన్నింటా పది తల ఎత్తుకునే ఉంది. ఇరవై దాటితే ఇక ఇరవై ఒకటి, ఇరవై రెండు అని తొంభై తొమ్మిది దాకా తడుముకోవాల్సిన పని లేదు. హిందీ పిల్లలు పాపం నూరు దాకా ఇంచుమించు ప్రతి అంకె పేరూ విడిగా గుర్తుపెట్టుకోవాలి. ముప్పై నాలుగేళ్ళు లెక్కలు చెప్పి, ఈ సంగతిని ఇంత దగ్గరగా చూసింది మా వసారాలోనే. బడిలో నలభై మంది ఉంటే, గడగడా చెప్పిన పిల్లకి వచ్చేసిందనుకుని పక్క పిల్ల దగ్గరికి పోతాం.

పాపకి తెలుగు చదవడం రాదని అప్పుడే బయటపడింది. అక్షరాలు వచ్చు. గుణింతాలు సగం. వత్తు కనపడితే ఆగిపోయేది. "అమ్మ" అన్న మాట రాసి ఇస్తే "అమ" అని చదివింది. మైసూరులో ఉండిన ప్రాచీన తెలుగు విశిష్ట అధ్యయన కేంద్రం 2020లో మా వెంకటాచలానికే తరలివచ్చింది. శాసనాలు చదివే పండితులు ఊళ్ళో తిరుగుతున్నారు. వాళ్ళకి కూతవేటు దూరంలో మా మనవరాలికి అమ్మలో మకారం కింద మకారం అంతుపట్టలేదు.

కాబట్టి ఎక్సెల్ పట్టికలో మిగతా ఏడు వరసలూ కొట్టేసి, మన ప్రభుత్వం పుస్తకాలు తీసుకుందామన్నాను. చిన్నమ్మాయి నావైపు జాలిగా చూసింది. రిటైరైనా బుద్ధి పోలేదనుకుని ఉంటుంది. నా కారణం వేరు. ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియం మీద 2019 నుంచి కోర్టుల దాకా నడిచిన గొడవ అందరికీ గుర్తే. ఆ గొడవ మధ్యలోంచి ఒక మంచి వస్తువు పుట్టింది. ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీలో అదే పాఠం ఇంగ్లీషు. బడిలో ఆ రెండు పేజీల్నీ వాడుకునే తీరిక టీచరుకి దొరకదు. ఇంట్లో దొరుకుతుంది. పాప తెలుగు పేజీలో లెక్క అర్థం చేసుకుని, ఇంగ్లీషు పేజీలో అదే లెక్కని తనంతట తనే చదువుకుంటుంది. ఖర్చు కూడా లేదు. నెట్‌లోంచి దింపుకుని, హైవే పక్క జిరాక్సు షాపులో ప్రింటు తీసి స్పైరల్ బైండింగు చేయిస్తే సరిపోయింది.

ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు కూడా తెప్పించి చూశాను. మూడు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లలకి ఎలా చెప్పాలో 2022 అక్టోబరులో ఒక జాతీయ ప్రణాళిక వచ్చింది, దాని ప్రకారం 2023లో ఒకటి, రెండు తరగతుల పుస్తకాలు మారాయి. ఇంగ్లీషు వాచకానికి మృదంగ్, హిందీకి సారంగి అని పేర్లు పెట్టారు. ఇంగ్లీషుకి మృదంగం ఎందుకో నాకు తెలీదు గానీ పుస్తకం మాత్రం చక్కగా ఉంది, ఆటలు బాగున్నాయి. వాటిని పక్కన ఉంచుకున్నాం. ఏడాదంతా నడిపించేది ఒక్కటే ఉండాలని మాత్రం పట్టుబట్టాను. కారణం, మొదటి నెలలో మేము మూడు లెక్కల పుస్తకాలూ ఒకేసారి నడిపాం. ఒకదాన్లో అప్పు తెచ్చుకుని తీసివేయడం వచ్చేసింది, రెండోదాన్లో ఇంకా స్థానవిలువ రాలేదు, మూడోదాన్లో గడియారం. రెండు పడవలంటారు గానీ పాపవి మూడు పడవల మీద కాళ్ళు. ఇంట్లో చదువు చెప్పేవాళ్ళకి ఇదే పెద్ద జబ్బు. పిల్ల ఒకచోట తట్టుకుంటే ఆ చోటే ఇంకో రోజు కూర్చోవడానికి బదులు, పుస్తకంలో లోపముందని కొత్త పుస్తకం కొంటారు. బడిలో మాకు ఆ సౌకర్యం ఉండేది కాదు, ఇచ్చిన పుస్తకంతోనే ఈదాలి. అది శాపం అనుకునేవాణ్ణి.

పాఠ్యప్రణాళికలు నేను తక్కువ చూడలేదు. బ్రిటన్ సాయంతో 1980లలో వచ్చిన ఏపీపెప్ అనే ప్రాథమిక విద్యా పథకంలో పిల్లల్ని గుంపులుగా కూర్చోబెట్టి, వాళ్ళు చేసిన పనిని గోడలకి తగిలించమన్నారు. 1996లో రాష్ట్రంలో డీపెప్ అనే జిల్లా ప్రాథమిక విద్యా పథకం మొదలైన ఐదు జిల్లాల్లో మా నెల్లూరు ఒకటి. శిక్షణలు, కిట్లు, పాటలు. తొంభైల చివర్లో మదనపల్లె దగ్గర రిషి వ్యాలీకి ఒక బృందంతో వెళ్ళాను. అక్కడి పల్లెబడుల్లో పాఠ్యపుస్తకమే లేదు. గోడకి ఒక నిచ్చెన బొమ్మ, మెట్టుమెట్టుకీ కార్డులు, కార్డు మీద ఏనుగో కుక్కో బొమ్మ. పిల్ల తన మెట్టు తనే చూసుకుని కార్డు తీసుకుంటుంది. పక్క పిల్ల ఏ మెట్టు మీద ఉందో తనకి అనవసరం. మెట్రిక్ మేళా అని ఒక సంత పెట్టి తల్లుల్ని కూడా తూకాలకీ కొలతలకీ కూర్చోబెట్టేవాళ్ళు. తిరిగొచ్చి మా బడిలో పెడదామనుకున్నాను, సగం కార్డులు రాశాను, బదిలీ అయ్యాను. ఆ సగం కార్డులు మా అటక మీదే ఉన్నాయి. ఇప్పుడు దించాం. మా ఇంటి నిచ్చెనకి ప్రస్తుతం పందొమ్మిది మెట్లు.

ఇవన్నీ ఒక ఎత్తు, నా కళ్ళతో చూసిన అసలైన పాఠం ఒక ఎత్తు. 1990ల మొదట్లో జిల్లాలో అక్షరదీపం నడిచేటప్పుడు రాత్రిళ్ళు లాంతరు పెట్టుకుని ఆడవాళ్ళకి చదువు చెప్పేవాళ్ళం. ఆ వాచకంలో సారా వల్ల నాశనమైన ఒక సంసారం కథ ఉంది. కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్ళు ఆ పాఠం చదివి, మాట్లాడుకుని, 1992లో ఊళ్ళో సారా దుకాణం మూయించారు. జిల్లా కదిలింది, రాష్ట్రం కదిలింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. ఆ వాచకం సన్నటిది, చవక కాగితం, బొమ్మలు అలుక్కుపోయి ఉండేవి. పదకొండు కిలోల పెట్టె ముందు కూర్చున్నప్పుడల్లా నాకు అది గుర్తొస్తుంది.

నా తప్పు కూడా చెప్పుకోవాలి. మొదటి రెండు వారాలు తొమ్మిది నుంచి పన్నెండున్నర దాకా టైమ్‌టేబుల్ వేసి, బల్ల మీద గరిటెతో గంట కొట్టాను. పాప మూడో రోజే మంచం కింద దూరింది. "తాతా, ఇదీ బడే గదా, మళ్ళీ వ్యాను కూడా లేదు" అంది. వ్యాన్లో అయినా స్నేహితులుండేవాళ్ళు. ఆ రెండు వారాలు కాగానే మార్చాను, ఒక్కో పాఠం ఇరవై నిమిషాలు, రోజు మొత్తానికి గంటన్నర. షార్లెట్ మేసన్ అనే ఇంగ్లీషావిడ నూరేళ్ళ కిందటే చిన్నపిల్లలకి పొట్టి పాఠాలు చాలని రాసిందని మా చిన్నమ్మాయి ఆ ఎక్సెల్‌లోంచే చదివి చూపించింది. పట్టిక పూర్తిగా వృథా కాలేదు.

స్నేహితుల కొరత మాత్రం తీరలేదు. సాయంత్రం వీధిలో పిల్లలు వచ్చేసరికి ఐదున్నర, వచ్చీ రాగానే ట్యూషను. పాప గేటు పట్టుకుని నిలబడే ఆ గంట సేపు నాకు బాగుండదు. మా ఊరి ప్రాథమిక పాఠశాలలో మధ్యాహ్నం ఆటల పీరియడ్‌కీ లైబ్రరీ పుస్తకాలకీ ఇలాంటి పిల్లల్ని రానిస్తే ఎవరికీ నష్టం లేదు. దానికో చిన్న ఉత్తర్వు చాలు. ఇంటింటి సర్వేకి వచ్చిన అమ్మాయి పాప గురించి అడిగి, కాసేపు కాగితం తిరగేసి, చివరికి "బడి బయట పిల్ల" అని రాసుకుంది. ఆమెని తప్పుపట్టను, ఆ ఫారంలో ఇంకో గడి లేదు. నేను ముప్పై నాలుగేళ్ళు ఏ జాబితాలోంచి పిల్లల పేర్లు కొట్టేయడానికి తిరిగానో, అందులోకే మా పాప చేరింది. ఏడాదికోసారి మండలంలో ఎవరో ఒక టీచరు వచ్చి ఇలాంటి పిల్లల చేత ఒక పేజీ చదివించి, రెండు లెక్కలు చేయించి, రాసుకుని పోతే మంచిది. చదివిస్తున్నామని చెప్పి చదివించని ఇళ్ళు కూడా ఉంటాయి. వాటికోసమైనా ఆ తనిఖీ కావాలి.

వచ్చే జూన్‌కి పాపకి మూడో తరగతి. బడికి పంపాలా, ఇంకో ఏడాది ఇంట్లోనేనా అన్నది తల్లి, తండ్రి, పాప కలిసి తేల్చుకుంటారు. నన్నడిగితే ఊరి బడికే పంపమంటాను. ప్రస్తుతానికి రోజూ సాయంత్రం స్టేషన్ వైపు నడిచి వెళ్తున్నాం. కృష్ణపట్నం రేవు నుంచి బొగ్గు గూడ్సు వస్తుంది. పది పెట్టెలు కాగానే పాప జేబులోంచి ఒక చింతగింజ తీసి నా చేతిలో పెడుతుంది. మొన్న ఐదు గింజలు నా చేతికి వచ్చాక ఎనిమిది పెట్టెలు మిగిలాయి. "యాభై ఎనిమిది" అంది. చివర గార్డు పెట్టె ఉందిగా, యాభై తొమ్మిది అన్నాను. "దాంట్లో బొగ్గు లేదు గదా తాతా." మనిషి ఉన్నాడుగా అన్నాను. ఇంటిదాకా ఇద్దరం వాదించుకుంటూ వచ్చాం, వాళ్ళమ్మమ్మ పాప పక్షం చేరింది.